కౌంటర్‌లో మాటలు పడీ పడీ మా టీమ్ డీలా పడిపోయింది, ఏం చేస్తే మళ్లీ కోలుకుంటారు?

ఫ్లోర్‌ఇన్‌చార్జ్:

అందరికీ నమస్తే అండి. నేను ఒక పెద్ద స్టోర్‌లో ఫ్లోర్ చూసుకుంటా. బిల్లింగ్ కౌంటర్లు, రిటర్న్ డెస్క్, ట్రయల్ రూమ్ దగ్గర నిలబడే పిల్లలు అందరూ నా కిందే పని చేస్తారు. ఒక విషయం చాలా రోజులుగా మనసులో తిరుగుతోంది, రిటైల్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారేమోనని ఇక్కడ అడుగుతున్నా.

మా బిల్లింగ్‌లో ఒకమ్మాయి ఉంది, పేరు వద్దులెండి. చాలా చురుకు, లైన్ ఎంత పెద్దదైనా కంగారుపడదు, కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పేది కూడా తనే. మొన్నామధ్య ఒకాయన వాడేసిన వస్తువు పట్టుకొచ్చి డబ్బులు వెనక్కి ఇవ్వమన్నాడు, బిల్లు లేదు, గడువూ దాటిపోయింది. తను రూల్ చెప్పింది, అదీ మర్యాదగానే. ఆయన గొంతు లేపి "చదువు అబ్బితే ఇక్కడ బిల్లులు కొట్టుకుంటూ ఎందుకుంటావు, నీతో నాకు మాటలేంటి, నీ పైవాణ్ణి పిలువు" అన్నాడు. లైన్‌లో ఉన్నవాళ్లందరూ చూస్తూనే ఉన్నారు. మేనేజర్ వచ్చాడు, రెండు నిమిషాల్లో డబ్బులు ఇచ్చేసి, ఆ అమ్మాయి వైపు తిరిగి "సార్‌కి సారీ చెప్పు" అన్నాడు. చెప్పింది పాపం.

ఏడవలేదు, సెలవు పెట్టలేదు. కానీ ఆ రోజు నుంచి మనిషే మారిపోయింది. కస్టమర్ మొహం వైపు చూడకుండా స్కాన్ చేస్తుంది, చిన్న డౌట్ వచ్చినా తను నిర్ణయం తీసుకోకుండా మేనేజర్‌ని పిలుస్తుంది, కొత్తవాళ్లకి నేర్పడం మానేసింది. ఇంకో సంగతేంటంటే, ఆ రోజు పక్క కౌంటర్లలో ఉండి చూసినవాళ్లు కూడా అలాగే అయిపోయారు. వాళ్లని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు కదా మరి వాళ్లకేమైంది?

మేనేజర్‌ని అడిగితే "ఈ లైన్‌లో ఉండాలంటే తోలు మందం కావాలి, అన్నీ దులిపేసుకోవాలి" అంటాడు. నాకు అది సరైన జవాబు అనిపించడం లేదు. నిజంగా ఒక కస్టమర్ మాట ఇంత పని చేస్తుందా, లేక ఇంకేదైనా ఉందా, నేనేం చెయ్యగలను చెప్పండి.

బిల్లింగ్‌లో_ఉంటా:

అక్కా / అన్నా, ఎవరైనా సరే, ముందు ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్. మా దగ్గర ఇన్నేళ్లలో ఇలా అడిగిన సూపర్‌వైజర్ లేరు.

నేను క్యాష్‌లోనే ఉంటా కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా. గట్టిగా అరిచేవాళ్లు నిజానికి తక్కువ. రోజూ తగిలేవి చిన్నచిన్నవి. ఫోన్‌లో మాట్లాడుతూనే వచ్చి మనం "బ్యాగ్ కావాలా" అని అడిగితే చెయ్యి విదిలించడం, మన చెయ్యి చాపి ఉన్నా డబ్బులు కౌంటర్ మీద విసరడం, "ఏయ్" అని చిటికె వేసి పిలవడం, మిషన్ ఆగిపోతే మనమే ఆపినట్టు చూడటం. ఒక్కొక్కటి విడిగా చెప్తే "ఇదీ ఒక విషయమేనా" అంటారు, అందుకే ఎవరికీ చెప్పం. షిఫ్ట్ అయ్యేసరికి అవన్నీ కలిపి ఒంట్లో ఓపిక లేకుండా చేస్తాయి.

ఇక అరిచినవాడి సంగతి. ఇంకెక్కడైనా అయితే లేచి వెళ్లిపోవచ్చు, లేదా తిరిగి ఒక మాట అనొచ్చు. కౌంటర్‌లో రెండూ లేవు. వాడు వెళ్లిన మరుక్షణం ఇంకొకరు వచ్చి నిలబడతారు, వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి నవ్వుతూ నమస్తే చెప్పాలి, గొంతు వణక్కూడదు, చిల్లర లెక్క తప్పకూడదు. తప్పితే రాత్రి క్యాష్ టాలీ అవ్వదు, అది మళ్లీ మన మీదే పడుతుంది. అప్పుడు మింగిన మాటంతా రాత్రి పడుకున్నాక బయటికొస్తుంది, అలా అని ఉండాల్సింది ఇలా అని ఉండాల్సింది అని.

కానీ మీ అమ్మాయి విషయంలో ఒకటి ఖాయంగా చెప్పగలను. తనని విరిచేసింది ఆ కస్టమర్ కాదు. వాడు ఎవడో, మళ్లీ కనపడడు. "ఇవ్వకూడదు" అని తనకి రూల్ నేర్పిన మేనేజరే అందరి ముందూ ఇచ్చేశాడు, పైగా సారీ చెప్పించాడు. అంటే రూల్ ప్రకారం నడుచుకున్నందుకు శిక్ష పడింది, అరిచినందుకు బహుమతి దొరికింది. ఇంక తను ప్రతిదానికీ మేనేజర్‌ని ఎందుకు పిలవదు? నేనైనా అదే చేస్తా.

మనసు_చదువు:

నేను సైకాలజీ చదువుకుని ఉద్యోగుల ట్రైనింగ్ వైపు పని చేస్తున్నానండి. పైన చెప్పినదానికి పరిశోధనల్లో కూడా చాలా బలం ఉంది.

అమెరికా సోషియాలజిస్ట్ ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లోనే ఎయిర్ హోస్టెస్‌ల పని గమనించి "ఎమోషనల్ లేబర్" అనే మాట తెచ్చారు. ఒంటితో చేసే పని, బుర్రతో చేసే పని లాగే మొహం మీద ఫలానా భావం పెట్టుకుని ఉండటం కూడా జీతానికి చేసే పనే, దానికీ శక్తి ఖర్చవుతుంది అని. లోపల ఒకటి, పైకి ఒకటి పెట్టుకుని నవ్వడం ఎక్కువయ్యే కొద్దీ మనిషి అలసిపోతాడు, పనికీ తనకీ మధ్య దూరం పెరుగుతుంది అని తర్వాత వచ్చిన చాలా స్టడీలు చూపించాయి. మీ అమ్మాయి మొహం చూడకుండా స్కాన్ చేస్తోంది అన్నారు కదా, అది పొగరూ కాదు బద్ధకమూ కాదు, ఇంకో దెబ్బ తగలకుండా పెట్టుకున్న దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన, 2019లో ఆమోదం పొందిన ఐసీడీ-11లో బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో మనిషి లోపల ఖాళీ అయిపోవడానికి, చెప్పిన మూడు లక్షణాల్లో ఈ దూరం కూడా ఒకటి, మిగతా రెండు తీరని అలసట, నా వల్ల ఏమీ కావట్లేదు అన్న భావన. అది వైద్యపరమైన జబ్బు కాదు, పనిచేసే చోటుకి సంబంధించిన పరిస్థితి అని కూడా వాళ్లే స్పష్టంగా రాశారు. అందుకే "తోలు మందం చేసుకో" అని మనిషికి చెప్పడం వల్ల లాభం లేదు, చూడాల్సింది పనిచేసే చోటుని.

రాత్రి పడుకున్నాక మాటలు తిరుగుతాయి అన్నారే, దాని మీద 2013లో చైనాలో కాల్‌సెంటర్ ఉద్యోగులతో చేసిన స్టడీ ఉంది. కస్టమర్ చేత మాటలు పడ్డ రోజు రాత్రి దాన్నే తలుచుకుంటూ ఉన్నవాళ్లు మర్నాడు పొద్దున్న లేచేసరికే దిగులుగా ఉన్నారు. అంటే నిన్నటి కస్టమర్ ఈరోజు షిఫ్ట్ మొదలవ్వకముందే పాడు చేశాడన్నమాట. 2012లో వచ్చిన ఇంకో స్టడీలో కస్టమర్ దురుసుగా మాట్లాడితే ఆ కస్టమర్ చెప్పిన విషయాలే ఉద్యోగికి సరిగ్గా గుర్తుండటం లేదని తేలింది. బుర్రలో కొంత భాగం ఆ అవమానాన్ని మోయడానికే పోతుంది కాబట్టి పనికి మిగిలేది తగ్గిపోతుంది. అరిస్తే పని త్వరగా అవుతుందని అనుకునేవాళ్లకి ఇది తెలిస్తే బావుండు.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న, చూసినవాళ్లకేమైంది అని. క్రిస్టీన్ పోరాథ్, అమీర్ ఎరెజ్ అని ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు, 2009లో ప్రచురించారు. ఒకరిని ఇంకొకరు అవమానిస్తుంటే పక్కనుంచి చూసినవాళ్ల పనితీరు కూడా తగ్గింది, పక్కవాళ్లకి సాయం చేసే గుణం కూడా తగ్గింది. మీ దగ్గర ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రేపు నాకైనా ఇదే జరుగుతుంది, నా వెనకాల ఎవరూ నిలబడరు అని ఆ పక్క కౌంటర్లవాళ్లు ఆ రోజే నేర్చుకున్నారు.

లైన్‌లో_నిలబడేవాణ్ణి:

రిటైల్‌లో లేను, కస్టమర్‌నే. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి అటువైపు కూడా కొంచెం చెప్తా, తిట్టుకోకండి. ఒక ర్యాక్ మీద ఒక రేటు ఉంటుంది బిల్లులో ఇంకోటి వస్తుంది, పది కౌంటర్లుంటే మూడే తెరుస్తారు, పాడైన వస్తువు తెస్తే ఈ డెస్క్ కాదు ఆ డెస్క్ అని తిప్పుతారు, అడిగితే "సిస్టమ్ తీసుకోదు సార్" అంటారు. మనిషికి కోపం రాదా? అడగడం కూడా తప్పేనా? కొందరు స్టాఫ్ కూడా మనల్ని చూసీ చూడనట్టు ఉంటారు, అది మర్యాదా? డబ్బు పెట్టి కొనేవాడికి ఆ మాత్రం హక్కు ఉండదా?

బిల్లింగ్‌లో_ఉంటా:

అన్నా, కోపం రావడం తప్పని ఎవరూ అనట్లేదు. మీరు చెప్పినవన్నీ నిజం, రేటు తేడా వస్తే నేనైనా అడుగుతా. కానీ ఆ రేటు పెట్టింది నేను కాదు, మూడు కౌంటర్లే తెరవమన్నది నేను కాదు, సిస్టమ్‌లో ఆ రూల్ రాసింది నేను కాదు. అవి చేసినవాళ్లు ఎవరూ కౌంటర్‌లో కనపడరు, కనపడేది మేమే, అందుకే మాకు తగులుతుంది. "ఈ రేటు తప్పు, సరి చెయ్యండి, లేకపోతే కంప్లైంట్ రాస్తా" అని గట్టిగా అడగండి, అందులో మాకు అవమానం లేదు. "నీకు ఉద్యోగం ఎవడిచ్చాడు" అంటే అది రేటు గురించి కాదు కదా, నా గురించి. తేడా అక్కడుంది.

పాత_మేనేజర్:

నేను చాలా ఏళ్లు స్టోర్లు నడిపాను, ఇప్పుడు రిటైర్ అయ్యాను. ఆ కస్టమర్ బాబు చెప్పినదాంట్లో ఒక పాయింట్ ఉంది, దాన్ని వదిలేయకూడదు. కౌంటర్‌లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం పైన తీసుకున్న నిర్ణయాల వల్ల పుడతాయి. మనుషులు చాలరు, లేబుల్ మార్చరు, ఆఫర్ బోర్డు మీద షరతులు చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు, ఆ షరతులు చదివి వినిపించే పని మాత్రం బిల్లింగ్ పిల్లకి పడుతుంది. కాబట్టి టీమ్ మనోబలం గురించి నిజంగా పట్టింపు ఉన్న యాజమాన్యం ముందు చెయ్యాల్సింది మోటివేషన్ క్లాసు కాదు, లేబుళ్లు సరిచెయ్యడం, రష్ టైమ్‌లో కౌంటర్లు తెరవడం, రిటర్న్ రూల్ బిల్లు కొట్టేటప్పుడే నోటితో చెప్పించడం.

"కస్టమర్ ఎప్పుడూ రైటే" అనే మాట గురించి కూడా చెప్పాలి. గత శతాబ్దం మొదట్లో హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్, మార్షల్ ఫీల్డ్ లాంటి పెద్ద దుకాణదారుల పేర్లతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు సరుకు బాగోలేకపోతే కొన్నవాడిదే ఖర్మ అనే రోజులు, ఆ పరిస్థితిలో కొనేవాడి ఫిర్యాదు నమ్ముతాం అని చెప్పడం మంచి మాటే. అది సరుకు గురించి, ఫిర్యాదు గురించి. అమ్మేవాణ్ణి ఎంత మాటైనా అనొచ్చు అని అందులో ఎక్కడా లేదు. ఎప్పుడో తర్వాత దాన్ని అలా సాగదీశారు.

ఇప్పుడు చాలా దేశాలే వెనక్కి తిరిగి ఆలోచిస్తున్నాయి. దక్షిణ కొరియాలో 2018 అక్టోబర్ నుంచి కస్టమర్ తిట్ల వల్ల ఉద్యోగి ఆరోగ్యం దెబ్బతినకుండా చూడటం యజమాని బాధ్యత అని చట్టంలోనే పెట్టారు, అలాంటిది జరిగితే ఆ పని కాసేపు ఆపించడం లేదా వేరే పనికి మార్చడం చెయ్యాలి. స్కాట్లాండ్‌లో 2021లో రిటైల్ ఉద్యోగుల్ని కొట్టడం, బెదిరించడం, దుర్భాషలాడటాన్ని ప్రత్యేక నేరంగా చేశారు. జపాన్‌లో దీనికి "కసుహరా" (కస్టమర్ హెరాస్‌మెంట్ అనే మాటకి పొట్టి రూపం) అని ఒక పేరే ఉంది, టోక్యోలో దీని మీద చేసిన స్థానిక చట్టం 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, శిక్షలు లేవుగానీ కస్టమర్ వేధింపు కూడదని రాసి ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో పనిచోట హింస, వేధింపుల మీద తెచ్చిన 190వ ఒప్పందంతో పాటు ఇచ్చిన సిఫార్సులో కస్టమర్ల లాంటి బయటివాళ్ల వల్ల వచ్చే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని ఉంది. మీ మేనేజర్‌కి ఇవి చూపించండి, "తోలు మందం" అనే జవాబుకి కాలం చెల్లింది.

సరే, రేపు పొద్దున్నుంచి ఏం చెయ్యాలి అంటే, నేను ఒక్కదాని మీదే గట్టిగా నిలబడతా. గొడవ మొదలైన తర్వాత మొదటి నిమిషంలో పైవాడు ఏం చేశాడన్నదే టీమ్ గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి గొంతు లేచిన వెంటనే మీరు వెళ్లి ఆ అమ్మాయి పక్కన నిలబడండి, ఎదురుగా కాదు, కస్టమర్ వైపు కాదు, పక్కన. మొదటి మాట "మా అమ్మాయి చెప్పింది మా రూలేనండి" అని రావాలి. ఆ మాట పడ్డాక మిగతాది ఎలా తేలినా పరవాలేదు. ఒక్కోసారి మినహాయింపు ఇవ్వాల్సి వస్తుంది, వ్యాపారం కదా, ఇవ్వండి. కానీ ఆ మినహాయింపు ఆ అమ్మాయి చేతుల మీదుగానే వెళ్లాలి, ఇద్దరూ ఒక పక్కకి వచ్చి మాట్లాడుకుని, తనే వచ్చి "ఈసారికి చేస్తామండి" అని చెప్పేలా. ఇంకా మంచిదేంటంటే చిన్నచిన్న మినహాయింపులు ఎవరినీ అడక్కుండా ఇచ్చే అధికారం ముందే కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేయడం. అప్పుడు అరిస్తే పైవాడు ఇస్తాడు అనే ఆటే ఉండదు.

మనిషిని తిట్టినప్పుడు మాత్రం వేరే లెక్క. "రూల్ గురించి మాట్లాడదాం అండి, మనిషి గురించి మాట్లాడితే నేను బిల్లు చెయ్యలేను" అని ఒకసారి చెప్పాలి, మళ్లీ అంటే సర్వీస్ ఆపెయ్యాలి. ఇది కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఒంటరిగా చెయ్యలేరు, పైవాడే చెయ్యాలి. చెయ్యని తప్పుకి సారీ చెప్పించడం అనేది మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. "మీకు ఇబ్బంది అయినందుకు సారీ" అని చెప్పాల్సి వస్తే మేనేజర్ చెప్పాలి, దానికే ఆయనకి ఆ జీతం.

గొడవ అయిపోయాక ఆ అమ్మాయిని కాసేపు కౌంటర్ నుంచి లేపండి, నీళ్లు తాగి మొహం కడుక్కుని వచ్చేదాకా మీరు కూర్చుని బిల్లు కొట్టండి. అడక్కుండానే కూర్చోవాలి, "బ్రేక్ కావాలా" అని అడిగితే ఎవరూ కావాలనరు. ఏం జరిగిందో ఒక రిజిస్టర్‌లో రెండు లైన్లు రాయించండి. నెల తర్వాత తిరగేస్తే ఏ రూల్ దగ్గర, ఏ టైమ్‌లో ఎక్కువ గొడవలవుతున్నాయో తెలుస్తుంది, యాజమాన్యంతో మాట్లాడటానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

ఎలక్ట్రానిక్స్_తమ్ముడు:

పాత మేనేజర్ సారు జెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. నేను ఇంతకుముందు ఒక షోరూంల సేల్స్ జేసిన. అక్కడ తిట్లకంటే ఎక్కువ సంపింది రేటింగు. కంపెనీ వద్దన్న డిస్కౌంటు ఇయ్యకపోతే కస్టమరు పోయేటప్పుడు ఒక్క స్టార్ గొట్టి పోతుండె, ఆ స్టార్ నా ఇన్సెంటివ్ల కోత వెడుతుండె. అంటే తిట్లు పడ్డది నేనే, పైసలు పోయింది నావే. ఎవ్వరికి చెప్పుకోవాలె? మీ దగ్గర గూడ ఫీడ్‌బ్యాక్ స్కోరు ఉంటే జర దాన్ని సూడుండ్రి అక్కా, గొడవైన బిల్లు స్కోరు లెక్కలకెల్లి తీసేయమని అడుగుండ్రి. మనోబలం అని ఎంత మాట్లాడినా జీతంల కోత వడితే ఎవ్వడు నమ్మడు.

నేను ఆ పని ఎందుకు మానేసిననంటే కస్టమర్ల తోని కాదు. మా దోస్తులు ఒక్కొక్కరే బంజేసిండ్రు, మంచిగ మాట్లాడెటోళ్లే ముందు పోయిండ్రు. మిగిలినోళ్లం ఎవ్వరితోని నవ్వుడు బందు వెట్టినం. ఇగ కొత్త కస్టమర్లు వచ్చి "ఈ షాపుల స్టాఫుకు మర్యాద లేదు" అని మళ్ల తిట్టుడు. ఎక్కడ మొదలైందో ఎవ్వరికి గుర్తులేదు.

లైన్‌లో_నిలబడేవాణ్ణి:

సరే, ఒప్పుకుంటున్నా, రేటింగ్ జీతానికి ముడిపెడతారని నాకు తెలీదు. ఒక ప్రశ్న, లైన్‌లో ఉన్న మాలాంటివాళ్లు ఏమైనా చెయ్యొచ్చా? చూస్తూ ఊరుకుంటే బాగోదు, మధ్యలో దూరితే గొడవ పెద్దదవుతుందేమో అని భయం.

బిల్లింగ్‌లో_ఉంటా:

మధ్యలో దూరొద్దు అన్నా, వాడు ఇంకా రెచ్చిపోతాడు, ఆ కోపం మళ్లీ మా మీదకే వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు తొందరపెట్టకుండా ఒక్క నిమిషం ఆగండి, "మీరు చెప్పింది కరెక్టేనమ్మా, నేను చూశాను" అనండి చాలు. వీలైతే వెళ్లేటప్పుడు మేనేజర్‌కి ఆ మాటే చెప్పండి. మేము చెప్తే సాకులంటారు, కస్టమర్ చెప్తే వింటారు.

ఫ్లోర్‌ఇన్‌చార్జ్:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత రాస్తారనుకోలేదు. మేనేజర్‌తో ఈరోజు మాట్లాడా. సర్వీస్ ఆపడానికి ఒప్పుకోలేదు, "సేల్ పోతుంది" అన్నాడు. కానీ రెండు విషయాలకి సరే అన్నాడు, ఇక మీద సారీ చెప్పించను అని, ఇంకా బిల్లు లేని రిటర్న్‌లు తనే చూసుకుంటానని. రిజిస్టర్ నేనే మొదలుపెడుతున్నా. ఫీడ్‌బ్యాక్ స్కోరు మా చేతిలో లేదు, హెడ్ ఆఫీస్‌ది, రిజిస్టర్ కొంచెం నిండాక దాన్ని పట్టుకుని అడుగుతా.

ఇంకో డౌట్. ఆ అమ్మాయిని కొన్నాళ్లు బిల్లింగ్ నుంచి తీసి స్టాక్ వైపు వేద్దామనుకుంటున్నా, అక్కడ కస్టమర్లు ఉండరు, ప్రశాంతంగా ఉంటుంది. మంచిదేనా?

బిల్లింగ్‌లో_ఉంటా:

తనని అడక్కుండా వెయ్యకండి, ప్లీజ్. మీరు మంచికే చేస్తున్నారు, కానీ బయటినుంచి చూసేవాళ్లకి గొడవ పడింది కాబట్టి లోపలికి పంపేశారు అనిపిస్తుంది, తనకి కూడా అలాగే అనిపిస్తుంది. ముందు కూర్చోబెట్టి ఆ రోజు నువ్వు చేసింది కరెక్ట్ అని చెప్పండి, అది ఇప్పటిదాకా ఎవరైనా చెప్పారా తనకి? వీలైతే మేనేజర్ చేత చెప్పించండి, ఒంటరిగా పిలిచి కాదు, ఆ పక్క కౌంటర్లవాళ్లు కూడా ఉన్నప్పుడు, మార్నింగ్ బ్రీఫింగ్‌లో. ఆ తర్వాత స్టాక్‌కి వెళ్తావా, ఇక్కడే ఉంటావా అని తననే అడగండి. స్టాక్ అంటే వెళ్లనివ్వండి, మళ్లీ ఎప్పుడు రావాలో కూడా తననే చెప్పమనండి.